హైదరాబాద్‌లో టీవీ న్యూస్ రిపోర్టర్ రోజు ఎలా నడుస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

జర్నలిజం కోర్సు ముగించి ఛానల్‌లో చేరబోతున్నవాళ్లు, జిల్లాల నుంచి సిటీ బ్యూరోకు బదిలీ మీద వస్తున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. కొన్నింటికి ఒక మాటలో జవాబు సరిపోతుంది. కొన్ని మాత్రం వివరంగా చెప్పక తప్పదు. ముఖ్యంగా లైవ్, బ్రేకింగ్, వర్షాల కవరేజీ గురించి తెలిసీ తెలియకుండా దిగితే నష్టం రిపోర్టర్‌కు మాత్రమే కాదు, చూసేవాళ్లకు కూడా.

డ్యూటీ ఎన్నింటికి మొదలవుతుంది?

కాగితం మీద మూడు షిఫ్టులు. మార్నింగ్ షిఫ్టు తెల్లవారుజామున ఐదు, ఆరు మధ్య, జనరల్ షిఫ్టు తొమ్మిది, పది మధ్య, నైట్ డ్యూటీ రాత్రి తొమ్మిది తర్వాత. ఛానల్‌ను బట్టి ఓ అరగంట అటూ ఇటూ.

బీట్ రిపోర్టర్‌కు, అంటే ఒక శాఖనో రంగాన్నో రోజూ చూసే రిపోర్టర్‌కు, అసలు పని ఇల్లు కదలకముందే మొదలవుతుంది. మొదటి గంటలో జరగాల్సినవి ఇవి: మూడు నాలుగు పేపర్ల సిటీ పేజీలు చూడటం, మిగతా ఛానళ్ల స్క్రోలింగ్ మీద కన్నేయడం, అధికారుల, పార్టీల వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిన ఆహ్వానాలు తిరగేయడం, ఆ తర్వాత ఫోన్లు. క్రైమ్ బీట్ వాళ్లయితే స్టేషన్ రైటర్ దగ్గర్నుంచి ఇన్‌స్పెక్టర్ దాకా ఐదారుగురికి చేయాలి. "అన్నా, రాత్రి ఏమైనా ఉన్నదా?" అని అడిగితే "ఏం లేదు" అన్న జవాబే వస్తుంది. "అన్నా, రాత్రి ఎల్బీనగర్ వైపు యాక్సిడెంట్ అయిందంటున్నరు, మీ లిమిట్సేనా?" అని అడిగితే సమాచారం వస్తుంది. కొంత తెలుసుకుని అడిగినవాళ్లకే మరికొంత చెబుతారు.

డే ప్లాన్ అంటే ఏమిటి? అందులో ఏం రాయాలి?

ఆ రోజు మీ బీట్‌లో ఏముందో పొద్దున్నే ఇన్‌పుట్ డెస్క్‌కు పంపే జాబితా. ఎనిమిది, ఎనిమిదిన్నరలోపు అందితేనే ఉపయోగం. ఆ తర్వాత కెమెరాలు, బండ్లు పంచేస్తారు.

"సిటీలో నీటి సమస్యపై స్టోరీ" అని రాస్తే దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఏ బస్తీ, ఎన్ని రోజులుగా నీళ్లు రావట్లేదు, ఎవరు మాట్లాడతారు, జలమండలి వైపు నుంచి ఎవరి వివరణ తీసుకుంటారు, ఎన్నింటికల్లా ఫుటేజీ ఇవ్వగలరు అన్న ఐదు సంగతులు రెండు వాక్యాల్లో ఉంటే డెస్క్ వెంటనే కెమెరా ఇస్తుంది. చివరిది మర్చిపోవద్దు. డెస్క్‌కు ముందు కావాల్సింది సమయమే. బులెటిన్ రన్‌డౌన్‌లో (ఏ వార్త తర్వాత ఏది అన్న వరస) మీ స్టోరీకి చోటు పెట్టాలంటే అది ఎప్పుడొస్తుందో తెలియాలి కదా.

హైదరాబాద్‌లో బీట్లు ఎలా పంచుతారు?

సచివాలయం, అసెంబ్లీ ఒకరికి. పార్టీలు ఒక్కొక్కటి ఒక్కొక్కరికి: నాంపల్లిలో గాంధీభవన్, బీజేపీ కార్యాలయం, బంజారాహిల్స్‌లో తెలంగాణ భవన్. జీహెచ్ఎంసీ, జలమండలి, మెట్రో కలిపి సిటీ బీట్. హైకోర్టు, నాంపల్లి కోర్టులు లీగల్ బీట్. ఉస్మానియా, గాంధీ, నిమ్స్ హెల్త్ బీట్. పోలీస్ కమిషనరేట్లు క్రైమ్ వాళ్లవి. చిన్న ఛానల్‌లో ఒక్కరే మూడు బీట్లు చూస్తారు.

కొత్తవాళ్లకు మా సలహా ఒక్కటే. బీట్ ఇచ్చిన మొదటి నెలలో వార్తల కోసం కాకపోయినా రోజూ ఆ ఆఫీసుకు వెళ్లండి. ఏ ఫైలు ఏ సెక్షన్‌లో ఉంటుందో, ఏ అధికారి ఏ పూట దొరుకుతారో తెలిసినవాళ్లకు నిర్ధారణ పది నిమిషాల్లో అయిపోతుంది. తెలియనివాళ్లకు పూటంతా పడుతుంది.

బండి ఎక్కేముందు కిట్‌లో ఏం చూసుకోవాలి?

ఇది కెమెరామన్ పనేనని వదిలేసే రిపోర్టర్లున్నారు. అది సరికాదు. స్పాట్‌లో మైక్ పనిచేయకపోతే పోయేది ఇద్దరి స్టోరీ.

కెమెరా, కనీసం రెండు నిండా చార్జ్ అయిన బ్యాటరీలు, రెండు ఖాళీ మెమరీ కార్డులు, ట్రైపాడ్. లోగో ఉన్న చేతి మైక్, కాలర్ మైక్, వైర్‌లెస్ సెట్‌కు డబుల్ ఏ సెల్స్ కనీసం ఎనిమిది. పది మీటర్ల ఎక్స్ఎల్ఆర్ కేబుల్. వైర్‌లెస్ మొరాయించినప్పుడు ఆదుకునేది ఇదే. ఇయర్‌పీస్, పవర్‌బ్యాంక్, నల్ల టేపు చుట్ట, కెమెరాకు రెయిన్ కవర్, వైట్ బ్యాలెన్స్ కోసం తెల్ల కాగితం. లైవ్ ఉంటే బ్యాక్‌ప్యాక్ (సిమ్‌ల మీద లైవ్ వీడియో పంపే యూనిట్), దాని బ్యాటరీ, అన్ని సిమ్‌లలో డేటా ఉందో లేదో.

బయల్దేరే ముందు పది సెకన్లు రికార్డు చేసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. మీటర్ కదులుతోంది కదా అని ఊరుకోవద్దు. కేబుల్ లూజుగా ఉండి గరగర వచ్చినా మీటర్ కదులుతూనే ఉంటుంది.

ప్రెస్‌మీట్‌కు ఎంత ముందు వెళ్లాలి?

అరగంట. సోమాజిగూడ ప్రెస్‌క్లబ్, బషీర్‌బాగ్ ప్రెస్‌క్లబ్ లాంటి చోట్ల టేబుల్ మీద లోగోలు పెట్టే స్థలం ముందొచ్చినవాళ్లదే. వెనకొస్తే మీ మైక్ ఓ మూలకు పోతుంది, గొంతు దూరంగా వినిపిస్తుంది. ఒకే మైక్ శబ్దాన్ని అన్ని కెమెరాలకూ పంచే ఆడియో మల్టీబాక్స్ ఉంటే దాన్నుంచి ఒక ఆడియో చానల్, మీ సొంత మైక్ నుంచి రెండో చానల్ తీసుకోండి. ఒకటి పోతే మరొకటి ఉంటుంది.

ట్యూబ్‌లైట్ల గదుల్లో తెర మీద చారలు కదలడం కొత్త కెమెరామెన్ తరచూ ఎదుర్కొనే సమస్య. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. సెకనుకు 25 ఫ్రేములతో తీస్తూ షటర్‌ను 1/50 దగ్గర పెడితే చాలావరకు పోతాయి.

ప్రెస్‌మీట్ మొత్తం తీయాలి, కానీ మొత్తం పంపకూడదు. ముఖ్యమైన మాట అన్నప్పుడు కెమెరాలో టైమ్‌కోడ్ ఎంతో నోట్‌బుక్‌లో రాసుకోండి. నలభై నిమిషాల ఫుటేజీలో ఇరవై సెకన్ల ముక్క కోసం ఎడిటర్ వెతుక్కోవాల్సిన పని ఉండదు.

మంచి బైట్ ఎలా వస్తుంది?

బైట్ అంటే ఒక మనిషి కెమెరా ముందు మాట్లాడిన ముక్క. పొడవు పదిహేను నుంచి ఇరవై సెకన్లు. అవునో కాదో అనిపించే ప్రశ్న వేస్తే బైట్ రాదు. "నీళ్లు రావట్లేదా అమ్మా?" అంటే "అవును, వస్తలేవు" అని ఆగిపోతారు. "నీళ్లు లేక పొద్దున్నుంచి ఏం చేసిన్రు అమ్మా?" అంటే ట్యాంకర్ ఎన్నింటికొచ్చింది, ఎన్ని బిందెలు దొరికాయి, పిల్లలు బడికి ఎలా వెళ్లారు అన్నీ చెబుతారు.

మాట్లాడే మనిషి కళ్లు కెమెరా లెన్స్ ఎత్తులో ఉండాలి. రిపోర్టర్ లెన్స్‌కు ఆనుకుని పక్కన నిలబడాలి, అప్పుడే ముఖం పూర్తిగా కనబడుతుంది. మైక్ గడ్డానికి జానెడు దూరంలో, కాస్త కింద. మైక్‌ను వాళ్ల చేతికి ఇవ్వకండి. ఇచ్చారంటే మాట ఎప్పుడు ఆగాలో ఇక మీ చేతిలో ఉండదు. పేరు, హోదా కెమెరాలోనే చెప్పించండి, ఆ తర్వాత నోట్‌బుక్‌లో రాయించుకోండి. ఆస్టన్ (తెర కింద పేరు, హోదా వేసే పట్టీ) మీద పేరు తప్పుపడటానికి సగం కారణం ఫోన్‌లో విని రాసుకోవడమే. ఒకే పేరుకు రెండు మూడు రకాల ఇంటిపేర్లు వినిపించే ఊరిది.

చావు జరిగిన ఇంట్లో మైక్ ముందుకు చాచకండి. బయట నిలబడి, దగ్గరి బంధువుల్లో మాట్లాడగలిగే స్థితిలో ఉన్నవాళ్లను అడగండి. వద్దంటే వెనక్కి రండి. ఆ బైట్ లేకపోయినా వార్త నిలబడుతుంది.

విజువల్స్ ఎంత తీస్తే చాలు?

నిమిషంన్నర ప్యాకేజీకి (వాయిస్ ఓవర్, బైట్లు, విజువల్స్ కలిపి ఎడిట్ చేసిన స్టోరీ) పది నుంచి పన్నెండు నిమిషాల శుభ్రమైన ఫుటేజీ చాలు. ప్రతి షాట్‌నూ కదపకుండా కనీసం ఎనిమిది సెకన్లు పట్టాలి. ముందు దూరం నుంచి మొత్తం చోటు, తర్వాత మనుషులు, తర్వాత చేతులు, ముఖాలు, వస్తువులు. దగ్గరి షాట్లు లేకపోతే ఎడిటర్ బైట్‌ను కోసి అతికించలేరు, కోత తెర మీద ఎగిరిపడుతుంది. చుట్టూ ఉన్న శబ్దం అర నిమిషం విడిగా రికార్డు చేసి పెట్టండి.

ఫుటేజీ ఆఫీసుకు ఎలా చేరుతుంది? ఎందుకు ఆలస్యమవుతుంది?

లెక్క వేస్తే తెలిసిపోతుంది. సెకనుకు 50 మెగాబిట్ల నాణ్యతతో తీసిన వీడియో నిమిషానికి 375 ఎంబీ. పది నిమిషాలంటే 3.75 జీబీ. మీ ఫోన్ అప్‌లోడ్ వేగం సెకనుకు 5 మెగాబిట్లు ఉంటే అది చేరడానికి 100 నిమిషాలు పడుతుంది. బులెటిన్ అయిపోతుంది.

అందుకే రెండు పనులు చేయాలి. మొదటిది, స్పాట్‌లోనే ల్యాప్‌టాప్ మీద పనికొచ్చే షాట్లు, బైట్లు ఏరుకుని సెకనుకు 8 మెగాబిట్లకు కుదించడం. అప్పుడు పది నిమిషాలు 600 ఎంబీ అవుతుంది, అదే నెట్‌వర్క్ మీద పదహారు నిమిషాల్లో చేరుతుంది. రెండోది, బైట్ ముందు పంపడం. మొదటి బైట్, ఐదారు షాట్లు చేరితే డెస్క్ యాంకర్ విజువల్‌తో (విజువల్స్ మీద యాంకర్ చదివే పద్ధతి) వార్తను ప్రసారం చేయగలదు. పూర్తి ప్యాకేజీ తర్వాతి బులెటిన్‌కు.

వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత దెబ్బతింటుంది. తప్పనిసరైతే డాక్యుమెంట్ రూపంలో పంపండి. ఫైల్ పేరులో తేదీ, చోటు, విషయం ఉండాలి. రోజంతా వచ్చే వందల ఫైళ్లలో "న్యూ వీడియో ఫైనల్" అన్నది ఎవరికీ దొరకదు.

లైవ్‌లో రిపోర్టర్ ఎందుకు కాసేపు ఆగి మాట్లాడతారు?

యాంకర్ ప్రశ్న రిపోర్టర్ చెవికి చేరడానికి, రిపోర్టర్ మాట స్టూడియోకు తిరిగి రావడానికి పట్టే సమయం అది. శాటిలైట్ ద్వారా లైవ్ ఇచ్చే ఓబీ వ్యాన్‌లో సిగ్నల్ దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి కిందికి రావాలి. ఆ ఒక్క ప్రయాణానికే పావు సెకను. బ్యాక్‌ప్యాక్‌లో వేర్వేరు కంపెనీల సిమ్‌లను కలిపి వీడియోను ముక్కలుగా పంపి, స్టూడియోలో మళ్లీ పేర్చుతారు. ఆ పేర్పు కోసం ఒకటి నుంచి కొన్ని సెకన్ల ఆలస్యాన్ని కావాలనే పెడతారు. తగ్గిస్తే బొమ్మ ముక్కలవుతుంది.

ఆలస్యాన్ని తప్పించలేం కాబట్టి దానితో కలిసి పనిచేయడం నేర్చుకోవాలి. యాంకర్ ప్రశ్న పూర్తయ్యేదాకా కెమెరా వైపే చూస్తూ ఉండండి. వినగానే మొదలుపెట్టండి, మధ్యలో ఆగకండి. ఆగితే యాంకర్ అయిపోయిందనుకుని రెండో ప్రశ్న వేస్తారు, ఇద్దరి మాటలూ కలగాపులగమవుతాయి. మీ గొంతు మీకే ఆలస్యంగా చెవిలో వినబడుతుంటే పీసీఆర్‌కు (స్టూడియో నుంచి బులెటిన్ నడిపే కంట్రోల్ రూమ్) వెంటనే చెప్పండి. మీ గొంతును తీసేసి మిగతా శబ్దాన్ని మాత్రమే మీకు పంపడం వాళ్ల పని. దాన్ని సరిచేయకుండా లైవ్ ఇవ్వడం ఎవరి వల్లా కాదు, నాలుక తడబడుతుంది.

గణేశ్ నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్, ఖైరతాబాద్ దగ్గర బ్యాక్‌ప్యాక్‌ను నమ్ముకోకూడదు. లక్షల ఫోన్లు అవే టవర్ల మీద ఉంటాయి. ఓబీ వ్యాన్‌ను ముందురాత్రే పెట్టాలి, ఎందుకంటే బాలాపూర్ నుంచి హుస్సేన్‌సాగర్ దాకా శోభాయాత్ర దారి మూసేశాక బండి లోపలికి రాదు. లేదంటే ఏదైనా ఆఫీసు మేడ మీద వైర్డ్ ఇంటర్నెట్ ముందుగా మాట్లాడుకోవాలి.

స్క్రిప్ట్ ఎంత ఉండాలి?

మామూలు వేగంలో తెలుగు చదివితే నిమిషానికి వంద మాటల చుట్టూ. నిమిషంన్నర ప్యాకేజీలో ఇరవై సెకన్ల బైట్లు రెండు పోతే మిగిలేది యాభై సెకన్లు, అంటే ఎనభై మాటలు. కొత్తవాళ్లు రెండు వందల మాటలు రాసి తెస్తారు. అందులోంచి తీసేయడం డెస్క్‌కు పెద్ద పని కాదు. కానీ డెస్క్‌కు స్పాట్ తెలియదు కాబట్టి ముఖ్యమైనదే ఎగిరిపోవచ్చు. మీరే తగ్గించుకోండి.

తెరమీద కనిపిస్తున్నది మళ్లీ రాయకండి. బొమ్మ చెప్పలేనిది రాయండి: ఎప్పుడు, ఎందుకు, ఎంత, ఎవరు బాధ్యులు. 1,247.63 కోట్లు అన్న అంకె చెవికి ఎక్కదు. "దాదాపు పన్నెండు వందల యాభై కోట్లు" అని రాసి, అసలు అంకెను గ్రాఫిక్‌లో వేయించండి. "పోలీసులచే అరెస్టు చేయబడ్డాడు" వద్దు, "పోలీసులు అరెస్టు చేశారు" చాలు. అరెస్టయినవాడు నిందితుడే. కోర్టు తీర్పు వచ్చేదాకా దొంగ, హంతకుడు అని రాయకూడదు.

రాసింది ఒకసారి పైకి చదవండి. ఊపిరి ఎక్కడ అందకపోతే అక్కడ వాక్యాన్ని రెండు చేయండి.

ఆఫీసులో ఎవరి పని ఏమిటి?

ఇన్‌పుట్ వార్త తెప్పిస్తుంది, అవుట్‌పుట్ దాన్ని ప్రసారం చేస్తుంది. అసైన్‌మెంట్ డెస్క్ కెమెరాలు, బండ్లు పంపిస్తుంది. కాపీ ఎడిటర్ స్క్రిప్ట్ దిద్దుతారు, వాయిస్ ఓవర్ ఆర్టిస్ట్ చదువుతారు, వీడియో ఎడిటర్ కోస్తారు. బులెటిన్ ప్రొడ్యూసర్ రన్‌డౌన్ పేరుస్తారు. పీసీఆర్‌లో డైరెక్టర్, ఆడియో, గ్రాఫిక్స్, టెలిప్రాంప్టర్ ఆపరేటర్ కలిసి బులెటిన్ నడిపిస్తారు. ఎంసీఆర్ (మాస్టర్ కంట్రోల్ రూమ్) నుంచి అది బయటికి వెళ్తుంది. రిపోర్టర్ ఫోన్ చేయాల్సింది మొదట ఇన్‌పుట్‌కే. యాంకర్‌కో ఎడిటర్‌కో నేరుగా చెబితే సగం మందికి ఒక మాట, సగం మందికి ఇంకో మాట చేరుతుంది.

బ్రేకింగ్ వేయాలంటే ఏం నిర్ధారించుకోవాలి?

దీనికి కాస్త ఎక్కువ చెప్పాలి. తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే.

ఒక అగ్ని ప్రమాదం అనుకోండి. మొదటి ఐదు నిమిషాల్లో వచ్చే సమాచారంలో నమ్మదగ్గవి రెండే: ఎక్కడ, ఎప్పుడు. వీటిని స్థానిక పోలీస్ స్టేషన్, ఫైర్ కంట్రోల్ రూమ్, ఈ రెండింట్లో ఒకరు చెప్పినా వేయొచ్చు. కారణం చెప్పకండి. "షార్ట్ సర్క్యూట్" అన్నది ఎవరి నోటికైనా ముందు వచ్చేమాట. నిజమో కాదో దర్యాప్తు తర్వాతే తేలుతుంది.

మృతుల సంఖ్య దగ్గర చాలా జాగ్రత్త. స్పాట్‌లో పోలీసులు ఒకటి చెబుతారు, 108 సిబ్బంది ఒకటి, ఆస్పత్రి ఒకటి. ఎవరూ అబద్ధం చెప్పకపోయినా అంకెలు తేడా వస్తాయి. స్పాట్‌లో చనిపోయినవాళ్లను ఒకరు లెక్కిస్తారు, ఆస్పత్రికి తెచ్చేసరికే చనిపోయినవాళ్లను మరొకరు. ఒకే మనిషి రెండు లెక్కల్లోనూ పడొచ్చు. రెండు అంకెలను కూడి ఎప్పుడూ చెప్పకండి. తక్కువ అంకెతో, ఎవరు చెప్పారో జోడించి వేయండి: "ఇద్దరు మృతి, నిర్ధారించిన పోలీసులు". పెరిగితే పెంచొచ్చు. ఎక్కువ చెప్పి తగ్గిస్తే, ఆ మధ్యలో తమవాళ్లు ఉన్నారేమోనని పరుగెత్తిన కుటుంబాలకు మనం ఏం జవాబు చెప్పగలం?

పేర్లు కుటుంబానికి తెలిశాకే. ఒక మనిషి చనిపోయారన్న వార్తకు ఆస్పత్రి బులెటిన్ గానీ కుటుంబ సభ్యుల మాట గానీ ఉండాలి. మిగతా ఛానళ్లు వేశాయన్నది నిర్ధారణ కాదు, అందరూ ఒకే తప్పు వాట్సాప్ మెసేజ్ చూసి ఉండొచ్చు.

పాత వీడియోలు కొత్తవిగా తిరగడం మామూలే. దుకాణాల బోర్డులు, ఫ్లెక్సీల మీద తేదీలు, బండ్ల నంబర్లు, నేల తడిగా ఉందా పొడిగా ఉందా చూడండి. పంపినవాళ్లను అసలు ఫైల్ అడగండి. తీసింది వాళ్లే అయితే వెంటనే ఇస్తారు.

కోర్టు వార్తల్లో ఇంకో చిక్కు ఉంది. విచారణలో న్యాయమూర్తి అన్న మాట వేరు, ఇచ్చిన ఉత్తర్వు వేరు. "హైకోర్టు ఆదేశం" అని బ్రేకింగ్ వేసేముందు ఉత్తర్వు ప్రతి చూడాలి, లేదా రెండు పక్షాల న్యాయవాదుల్లో ఇద్దరినీ అడగాలి. ఒక పక్షాన్నే అడిగితే వాళ్లు గెలిచినట్టే చెబుతారు.

వర్షం కవరేజీలో అంకెలు ఎందుకు తప్పుతాయి?

వానాకాలం నాలుగు నెలలూ సిటీ రిపోర్టర్‌కు ఇదే పెద్ద పరీక్ష. వాతావరణ శాఖ రోజువారీ వర్షపాతాన్ని ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 వరకు లెక్కిస్తుంది. రాత్రి పది గంటలకు ఆటోమేటిక్ కేంద్రాల నుంచి వచ్చే అంకె అప్పటిదాకా పడినదే. రెండింటినీ కలిపి "ఒక్క రోజులో" అని రాస్తే లెక్క తప్పుతుంది. ఏ సమయం నుంచి ఏ సమయం వరకు అన్నది తప్పక చెప్పాలి.

మాటలకూ కొలతలున్నాయి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 వరకు భారీ వర్షం, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ, ఆ పైన అత్యంత భారీ. కుండపోతను చూడగానే క్లౌడ్ బరస్ట్ అనేస్తారు. అలా అనాలంటే గంటలో దాదాపు 100 మిల్లీమీటర్లు పడాలి. సెంటీమీటర్, మిల్లీమీటర్ కలిపేయడం ఇంకో తప్పు. పది మిల్లీమీటర్లు ఒక సెంటీమీటర్. ఒక సున్నా జారితే జల్లు కాస్తా జలప్రళయమవుతుంది.

చెరువుల లెక్కలు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. హుస్సేన్‌సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 513.41 మీటర్లు. ఉస్మాన్‌సాగర్‌ది 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1,763.5 అడుగులు. ఈ రెండింటి గేట్లు ఎత్తితే నీరు మూసీలోకి వస్తుంది. పురానాపూల్, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వైపు జనం మన వార్త చూసే సామాన్లు సర్దుకుంటారు. కాబట్టి "గేట్లు ఎత్తారు" అంటే చాలదు. ఎన్ని గేట్లు, ఎన్ని అడుగుల మేర, ఎన్ని క్యూసెక్కులు, ఎన్ని గంటలకు అన్నవి జలమండలి నుంచి తీసుకోవాలి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, దాదాపు 28 లీటర్లు. "1908 తర్వాత ఇంత వరద ఇదే" అన్న వాక్యం ప్రతి ఏటా ఎవరో ఒకరి స్క్రిప్ట్‌లో వస్తుంది. ఆ ఏడాది సెప్టెంబరు 28 నాటి వరదతో పోల్చాలంటే చేతిలో రికార్డు ఉండాలి, లేకపోతే ఆ వాక్యం కొట్టేయాలి.

నీళ్లలో దిగి పీటూసీ (కెమెరా వైపు చూస్తూ రిపోర్టర్ చెప్పే ముక్క) చెప్పొద్దు. మూత లేని మ్యాన్‌హోల్ నీటి కింద కనబడదు. కరెంటు స్తంభానికి, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, ఎత్తైన చోట నిలబడి నీటిని వెనక చూపిస్తే బొమ్మా బాగుంటుంది, మనిషీ క్షేమం.

ఏవి అస్సలు చూపించకూడదు?

లైంగిక దాడి బాధితుల పేరు, ఫొటో, వాళ్లను గుర్తుపట్టగలిగే ఏ వివరమైనా నిషిద్ధం. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ దీనికి రెండేళ్ల దాకా జైలు శిక్ష చెబుతోంది. బాధితులు పిల్లలైతే పోక్సో చట్టం 23వ సెక్షన్, కేసుల్లో ఇరుక్కున్న ఏ బాలలకైనా 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ వర్తిస్తాయి. ముఖం బ్లర్ చేస్తే అయిపోయిందనుకోవద్దు. ఇంటి గేటు, బడి బోర్డు, తల్లిదండ్రుల ముఖాలు, స్కూల్ యూనిఫాం, గొంతు, వీధి పేరు ఏది చూపినా, వినిపించినా ఆ బస్తీలో అందరికీ తెలిసిపోతుంది. రా ఫుటేజీ పంపేటప్పుడే ఫైల్ పేరులో "బ్లర్ చేయాలి" అని రాయండి. డెస్క్‌కు ఫోన్‌లోనూ చెప్పండి.

ఉగ్రవాదులను పట్టుకునే ఆపరేషన్ నడుస్తుండగా లైవ్ ఇవ్వకూడదు, ప్రభుత్వం నియమించిన అధికారి ఎప్పటికప్పుడు ఇచ్చే వివరణే వేయాలి. పోలింగ్ ముగియడానికి ముందు 48 గంటలు టీవీలో ఎన్నికల ప్రచార విషయం ప్రసారం చేయకూడదు. ఆత్మహత్య వార్తల్లో ఎలా చేసుకున్నారన్నది వివరించకండి.

కష్టపడి చేసిన స్టోరీ ఎందుకు ప్రసారం కాదు?

చాలాసార్లు కారణం మామూలుదే. వివరణ ఇవ్వాల్సిన అధికారి బైట్ లేదు. ఆడియో ఒక చానల్‌లోనే ఉంది. ఫుటేజీ బులెటిన్‌కు ఐదు నిమిషాల ముందు వచ్చింది. లేదా పెద్ద వార్త ఏదో పడింది. చివరిది తప్ప మిగతావి మీ చేతిలోనివే. వార్తకు కాలదోషం లేకపోతే మర్నాటి డే ప్లాన్‌లో మళ్లీ పెట్టండి, డెస్క్ తనంతట తాను గుర్తు పెట్టుకోదు.

వార్త తప్పుగా వెళ్తే ఏం చేయాలి?

మొదట ఇన్‌పుట్‌కు ఫోన్, ఆ వెంటనే రాతపూర్వకంగా మెసేజ్: ఏది తప్పు, ఏది సరైనది, ఎవరు నిర్ధారించారు. స్క్రోలింగ్, యూట్యూబ్, వెబ్‌సైట్, ఫేస్‌బుక్ నాలుగు చోట్లా మార్చారో లేదో మీరే చూడండి. టీవీలో సరిదిద్ది యూట్యూబ్ వీడియోను అలాగే వదిలేస్తే అది ఏళ్ల తరబడి తిరుగుతుంది.

ప్రేక్షకులు ఫిర్యాదు చేయాలంటే ముందు ఛానల్‌కే రాయాలి. కేబుల్ టీవీ నిబంధనలకు 2021లో వచ్చిన సవరణ ప్రకారం ఛానల్ 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో నిర్ణయం తెలపాలి. తృప్తి కలగకపోతే మరో 15 రోజుల్లో ఆ ఛానల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లొచ్చు. ఏ తేదీ, ఏ సమయం, ఏ వాక్యం అన్నది రాసి, వీలైతే వీడియో ముక్క జతచేయండి. ప్రెస్ కౌన్సిల్ పరిధి పత్రికలకే, టీవీకి కాదు.

పేపర్ రిపోర్టర్ రోజుకూ దీనికీ తేడా ఏమిటి?

టీవీలో గంటకో గడువు, పేపర్‌లో సాయంత్రమే అసలు గడువు. కాపీ ఆరేడు గంటలకల్లా డెస్క్‌కు చేరితే మంచి చోటు దొరుకుతుంది. దూరపు జిల్లాల ఎడిషన్లు ముందు, సిటీ ఎడిషన్ ఆఖరున అచ్చుకెళ్తాయి కాబట్టి రాత్రి ఆలస్యంగా జరిగినవి సిటీలోనే వస్తాయి. పేజీలు పెట్టేచోట అను ఫాంట్లలాంటి పాత పద్ధతి ఇంకా నడుస్తోంది. యూనికోడ్‌లో పంపిన కాపీని మార్చినప్పుడు ఒత్తులు, అంకెలు చెదరొచ్చు. మార్పిడి తర్వాత పేర్లు, ఫోన్ నంబర్లు, మొత్తాలు ఒకసారి కంటితో సరిచూడాలి.

పని గంటలు, భోజనం సంగతేమిటి?

చెప్పడం కష్టమే అయినా దాచకూడదు. ఎనిమిది గంటల షిఫ్టు పన్నెండు అవుతుంది. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం నాలుగు వారాలకు 144 గంటల పరిమితి పెట్టింది, కానీ అది పత్రికల కోసం రాసిన చట్టం. 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 వృత్తి భద్రత కోడ్ వర్కింగ్ జర్నలిస్టు నిర్వచనంలోకి ఎలక్ట్రానిక్, డిజిటల్ మీడియా వాళ్లనూ తెచ్చింది. మీ నియామక పత్రంలో హోదా, పని గంటలు, ఓటీ గురించి ఏం రాసి ఉందో చేరిన రోజే చదవండి.

కిట్ బ్యాగ్‌లో నీళ్ల సీసా, పల్లీ పట్టీలు పెట్టుకోండి. ప్రెస్‌మీట్ల బిర్యానీల మీద ఆధారపడితే కడుపు చెడుతుంది. రాత్రి షిఫ్టులో ఆడవాళ్లకు ఇంటిదాకా ఆఫీసు బండి ఉండాలి, మొహమాటపడకుండా అడగాలి.

అక్రెడిటేషన్ కార్డు లేకుండా పనిచేయొచ్చా?

చేయొచ్చు. సమాచార పౌర సంబంధాల శాఖ ఇచ్చే ఆ కార్డు ప్రభుత్వ కార్యాలయాల్లోకి వెళ్లడానికి, కొన్ని సౌకర్యాలకు ఉపయోగపడుతుంది. అది జర్నలిస్టు అవడానికి లైసెన్సు కాదు. కొత్తవాళ్లకు మొదట ఛానల్ గుర్తింపు కార్డు చాలు. అసెంబ్లీకి మాత్రం విడిగా పాసు కావాలి.

ఈ పనికి ఏం చదవాలి?

ఉస్మానియా యూనివర్సిటీలో జర్నలిజం శాఖ 1954 నుంచి ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, తెలుగు యూనివర్సిటీ, ఉర్దూ యూనివర్సిటీ అయిన మనూలోనూ కోర్సులున్నాయి. మీడియా సంస్థలు కొన్ని సొంత స్కూళ్లు నడుపుతూ స్టైపెండ్ ఇచ్చి శిక్షణ ఇస్తాయి. ఉర్దూ వస్తే పాతబస్తీలో, హిందీ వస్తే దాదాపు అన్నిచోట్లా పని సులువు. టైపింగ్ ముందే నేర్చుకోండి. ఫోన్‌లో వేలితో కొట్టేవాళ్లకు బ్రేకింగ్ రోజున చేయి ఆడదు.

రోజు ఎప్పుడు ముగుస్తుంది?

స్టోరీ వెళ్లిపోగానే కాదు. ఇంకా కదులుతున్న వార్తలేమున్నాయో నైట్ రిపోర్టర్‌కు అప్పజెప్పాలి: ఆస్పత్రిలో ఎవరి పరిస్థితి విషమంగా ఉంది, ఏ అధికారి ఎన్నింటికి మాట్లాడతానన్నారు, ఎవరి నంబరు పనిచేస్తోంది. బ్యాటరీలు చార్జింగ్‌కు పెట్టాలి. ఫుటేజీ సర్వర్‌లోకి ఎక్కిందని, తెరిచి చూస్తే శబ్దంతో సహా ఆడుతోందని లైబ్రరీ వాళ్లు చెప్పేదాకా మెమరీ కార్డు ఫార్మాట్ చేయొద్దు. కేసుల స్టోరీలయితే రా ఫుటేజీ విడిగా ఒక హార్డ్ డిస్క్‌లో తేదీతో దాచండి. ఆర్నెల్ల తర్వాత లీగల్ నోటీసు వస్తే ఎడిట్ చేసిన ప్యాకేజీ ఒక్కటే సరిపోదు, మొత్తం ఫుటేజీ చూపమని అడుగుతారు.